స్టూడియో పెట్టెలోని పనితనము

జగిత్యాలలోనో, మంచిర్యాలలోనో, నిర్మలులోనో ఒక ఫోటో స్టూడియో తలుపును రాత్రి పదిగంటలవేళ ఎవరో తట్టుదురు. ఇంటిలోని పెద్దాయన కాలము చేసియుండును. తెల్లవారినచో దినకర్మ. గోడకు తగిలించి దండ వేయుటకు ఒక పటము కావలెను. ఇల్లంతయు వెదకగా దొరకినది ఆధార్ కార్డు మీది బొటనవ్రేలి గోరంత బొమ్మ. లేదా ఇరువది యేండ్ల క్రిందటి పెండ్లిలో పదిమంది నడుమ సగము కనబడుచు నిలుచున్న ముఖము. దానిని పెద్దది చేయవలెను, మచ్చలు తుడువవలెను, వెనుకనున్న జనమును తొలగింపవలెను, భుజముమీది కండువాను సరిచేయవలెను, కోడి కూయులోగా చట్రములో బిగించి యీయవలెను. స్టూడియోవారు ఈ పనిని కాదనరు. బేరమును గూడ పెద్దగా ఆడరు. రెండు మూడు గంటలలో పటము సిద్ధమగును. ఉదయమున ఆ యింటి ఆడవారు దానిని చూచి, ఆయనే వచ్చి కూర్చున్నట్లున్నదని కన్నీరు పెట్టుకొందురు.

ఇంత పని రెండు మూడు గంటలలో ఎట్లు జరిగినది? చేయి తిరిగినవాడు గనుక అని మనము తేలికగా చెప్పుదుము. అది సగము నిజము. తక్కిన సగము ఆ చేయి తిరిగినవాడు పదేండ్లుగా, పదునైదేండ్లుగా తన కంప్యూటరులో కూర్చి పెట్టుకొన్న అమరికలలో నున్నది. వీనినే వారు సెట్టింగులందురు. చర్మపు ముడుతలను చెరపకుండ మచ్చలను మాత్రమే తీయు వరుస యొకటి, పాత కాగితపు పసుపును విఱిచెడి వంపు యొకటి, తలవెండ్రుకల అంచును కత్తిరించు బ్రష్షు యొకటి, ల్యాబు అచ్చు యంత్రమునకు తగిన రంగుల లెక్క యొకటి. వెండి తీగపనికి పేరుపడ్డ కరీంనగరములో పనివాని నైపుణ్యము వాని వ్రేళ్ళలో నెంత యున్నదో, వాడు ఏండ్ల తరబడి అరుగదీసికొన్న పట్టుకారులోను, అచ్చులలోను అంతే యున్నది. ఆ పెట్టె పోయిననాడు ఎంతటి పనివాడైనను మరల ఉమ్మడి పనిముట్లతో మొదలు పెట్టవలసినదే. ఫోటో స్టూడియోలోని పెట్టె కంటికి కనబడదు. కనబడదు గనుకనే, అది పోవునపుడు పోయినట్లు తెలియదు. నేటి ప్రసంగములో ఈ కనబడని పెట్టెను గూర్చి కొంత ముచ్చటింపదలచినాము.

వెనుకటి దినములలో ఇట్టి యిబ్బంది లేకపోలేదు. రాజా దీనదయాళ్ 1844లో పుట్టి 1905లో గతించిన మహా ఛాయాగ్రాహకుడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా ఆస్థానమునకు చిత్రములు తీసినవాడు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో సేకరించి భద్రపఱచినది. ఆ కాలమున ముఖమును తీర్చుట యనగా గాజు పలకమీద సన్నని పెన్సిలుతో దిద్దుట, చిన్న కత్తితో గీయుట. పలకలు నిలిచినవి. దిద్దిన చేతుల లెక్కలు పలకతోపాటు రాలేదు. తరువాతి కాలమున మన జిల్లాల చీకటి గదులలో పనిచేసినవారు నెగెటివు కవరు మీద ఎన్ని సెకనుల వెలుగు, ఏ కాగితము అని పెన్సిలుతో వ్రాసికొనెడివారు. ఆ అలవాటు గలవాని పని, మఱి పదేండ్లకు అదే చిత్రమును అడిగినను, అట్లే వచ్చెడిది.

1990లో అమెరికాలో థామస్ నోల్, జాన్ నోల్ అను సోదరులు రూపొందించిన ఫోటోషాప్ విపణిలోనికి వచ్చినది. 1996లో వచ్చిన నాలుగవ కూర్పులో యాక్షన్లు అను సౌకర్యము చేరినది. ఒకసారి చేసిన పనుల వరుసను యంత్రము గుర్తుంచుకొని, ఒక్క మీట నొక్కినంతనే తిరిగి చేయుటయే యాక్షను. మన పెండ్లి ఆల్బముల వ్యాపారము దీనిమీదనే నిలిచినదనినను తప్పు లేదు. పండ్రెండంగుళముల ఎత్తు, ముప్పదియాఱంగుళముల వెడల్పు గల ఒక్క ఆల్బము పుటకు, అంగుళమునకు 300 చుక్కల లెక్కన, 10,800 చుక్కల పొడవు, 3,600 చుక్కల ఎత్తు గల చిత్రము కావలెను. అట్టి పుటలు ఒక పెండ్లికి ముప్పది నలువది యుండును. మాఘ ఫాల్గుణములలో, వైశాఖములో ఒక్క స్టూడియో ఎన్ని పెండ్లిండ్లు ఒప్పుకొనునో శ్రోతలకు తెలిసినదే. ప్రతి చిత్రమును చేతితో దిద్దుచు కూర్చున్నచో మొదటి బిడ్డ అన్నప్రాశననాటికి గాని పెండ్లి ఆల్బము చేతికి రాదు.

ఈ అమరికలు ఎక్కడ నుండును? ఇక్కడనే మనవారి పొరపాటు మొదలగుచున్నది. ఫోటోలు, ఆల్బము పుటలు డి డ్రైవులోనో, వెలుపలి హార్డు డిస్కులోనో ఉండును. ఆ సంగతి ప్రతి స్టూడియోవానికిని తెలియును. అమరికలు మాత్రము సి డ్రైవులో, వాడుకరి పేరు గల ఫోల్డరులో, యాప్‌డేటా అను మఱుగు ఫోల్డరు లోపల, రోమింగు అను దానిలో, అడోబీ అను దానిలో నుండును. విండోస్ దీనిని కావలెననియే కంటికి కనబడనీయదు. తెలియక ఎవరైన చెఱపుదురేమో యని దాని భయము. దానిని చూడగోరువారు విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన చిన్న గడిలో యాప్‌డేటా అను ఆంగ్ల పదమును, దాని కిరువైపుల శాతపు గుర్తును వ్రాసి ఎంటరు నొక్కినచో తలుపు తెఱచుకొనును. లోపల ఫోటోషాప్ ఒక్కొక్క కూర్పునకు ఒక్కొక్క సెట్టింగ్సు ఫోల్డరు కనబడును. యాక్షన్లు, బ్రష్షులు, రంగుల గడులు, మీటల అమరిక అన్నియు అందులోనివే. అంతయు కలిపి తూచినను సాధారణముగా ఒక పెండ్లి వీడియోలోని అర నిమిషపు ముక్క యంత యుండదు.

మేమెఱిగిన ఒక స్టూడియో కథ చెప్పుదుము. గోదావరికి ఈవల నున్న ఒక పట్టణము. ఊరి పేరు, యజమాని పేరు అనవసరము. మాఘమాసమునకు పది దినముల ముందు ఆ స్టూడియోలోని సిస్టము మందగించినది. బాగుచేయువాడు వచ్చి చూచి, ఫార్మాటు కొట్టవలెనని చెప్పెను. "డి డ్రైవులో ఫోటోలన్నియు ఉన్నవి గదా అన్నా, సి డ్రైవు తుడిచివేయుదునా?" అని అడిగెను. అడుగుటలో వాని తప్పేమియు లేదు. యజమాని ఉన్నవనెను. సాయంకాలమునకు యంత్రము క్రొత్తదానివలె పరుగెత్తుచుండెను. ఫోటోషాప్ తెఱచిచూడగా, దుకాణమునుండి నేడే కొనితెచ్చినట్లు ఖాళీగా నుండెను. పదునొకండేండ్ల యాక్షన్లు లేవు. బ్రష్షులు లేవు. తెలుగు పేర్లు వ్రాయుటకు వాడు అను లిపులు గూడ సి డ్రైవుతోపాటే పోయినవి. ఈ లిపులు యూనికోడునకు ముందటి పద్ధతివి. లిపి ఫైలు లేని యంత్రములో వధువు పేరు ఆంగ్లాక్షరముల చిందరవందరగా కనబడును. కొన్నియేండ్ల క్రిందటి ఫోటోషాప్ కూర్పులలో మఱియొక చిక్కు గూడ కలదు. యూనికోడు తెలుగు సరిగా రావలెనన్నచో, అక్షరములకు సంబంధించిన అమరికలలో దక్షిణాసియా భాషల ఎంపికను పెట్టవలెను. అమరికలు చెరిగినప్పుడు ఆ యెంపికయు చెరుగును. లక్ష్మి పేరులోని ఒత్తులు విడిపోయి ప్రక్కకు నిలుచును. ఆహ్వాన పత్రికమీద అట్లు వచ్చినచో బంధువులు నవ్వుదురు. ఆ నవ్వు స్టూడియోవానికి చాల ఖరీదైనది.

అప్పటికి తొమ్మిది పెండ్లిండ్ల ఆల్బములు సగములో నున్నవి. క్రొత్తగా చేసిన పుటలలో ముఖముల ఛాయ పాత పుటలతో కలియలేదు. ముందు పుటలలో చామనచాయగా నున్న వధువు, వెనుక పుటలలో సున్నము కొట్టినట్లున్నది. ఒక తండ్రి వచ్చి, "మా బిడ్డ చీర చిలుకపచ్చ, ఇదేమో నాచురంగున్నది, ఇది మా పెండ్లియేనా?" అని అడిగెను. ఆయన పరిహాసమునకే అనెను. యజమాని మాత్రము ఆ రాత్రి నిద్రపోలేదు.

పోయినదానిని రాబట్టుటకు ఆ యజమాని పడిన పాట్లు వివరముగా చెప్పదగినవి. ఏలయన ఇట్టి స్థితి రేపు మఱియొకరికి రావచ్చును.

మొదట చూడవలసినది విండోస్ ఓల్డు అను ఫోల్డరు. ఫార్మాటు కొట్టక, ఉన్నదానిమీదనే విండోసును తిరిగి ఎక్కించినప్పుడు, పాత వాడుకరి ఫోల్డరులన్నియు సి డ్రైవులోని ఈ ఫోల్డరులో నిలువయుండును. అయితే మామూలుగా పది దినములు మాత్రమే. తరువాత యంత్రమే దానిని తీసివేయును. కనుక ఎవరైన సిస్టము బాగుచేసిపోయిన మఱునాడే ఫోటోషాప్ తెఱచి చూడవలెను. పని లేనందున వారము తరువాత చూతమనుకొన్నచో గడువు దాటిపోవచ్చును. ఈ స్టూడియోలో పూర్తిగా ఫార్మాటు కొట్టిరి గనుక ఆ ఫోల్డరే లేదు.

రెండవ ఉపాయము చెరిగిన ఫైళ్ళను వెదకు ప్రోగ్రాములు. ఇందులో ఒక నియమము కలదు. ఏ డిస్కులో వస్తువు పోయినదో ఆ డిస్కుమీద ఇక నేమియు వ్రాయరాదు. యంత్రమును ఆపి, డిస్కును విప్పి, వేఱొక యంత్రమునకు తగిలించి వెదకవలెను. వెదకు ప్రోగ్రామునే పోయిన డిస్కుమీద ఎక్కించుట, పోగొట్టుకొన్న ఉంగరమును వెదకుటకు ఆ చోటనే మన్ను పోసినట్లుండును. పాత పద్ధతి తిరుగుడు డిస్కులలో దొరకు అవకాశము కొంత యున్నది. ఇప్పటి యస్.యస్.డి.లలో, చెరిపిన చోటును యంత్రమే వెంటనే శుభ్రము చేసికొనును గనుక, ఆశ బహు స్వల్పము. మన యజమానికి పేర్లు పోయిన ఫైళ్ళు కొన్ని దొరకినవి. యాక్షన్ల ఫైలు దొరకలేదు.

మూడవది మాకు మిక్కిలి నచ్చినది. పూర్తియైన పనిలోనుండి పనిముట్టును వెనుకకు తీయుట. డి డ్రైవులో పాత ఆల్బముల పి.యస్.డి. ఫైళ్ళు క్షేమముగా నున్నవి. వానిని ఒక్కొక్కటిగా తెఱచినప్పుడు, పొరలమీద వేసిన నీడలు, అంచులు, మెఱుపులు అట్లే కనబడినవి. ఒక్కొక్కదానిని క్రొత్త శైలిగా పేరుపెట్టి దాచుకొనవచ్చును. రంగును దిద్దిన వంపులు సవరణ పొరలుగా నున్నచోట, ఆ పొరను ఎంచి వంపును వేఱు ఫైలుగా భద్రపఱచుకొనవచ్చును. రా చిత్రముల ప్రక్కన యక్స్.యం.పి. అను చిన్న ఫైళ్ళు ఉన్నవి. వానిలో ఆనాడు దిద్దిన వెలుగు, నీడ, వర్ణముల లెక్కలన్నియు వ్రాసియుండును. ఆ చిత్రమును కెమెరా రా లో తెఱచి, ఆ లెక్కలను ప్రీసెట్టుగా పేరు పెట్టి నిలుపుకొనవచ్చును. ఇట్లు నాలుగు రాత్రులు కూర్చుండి, పెండ్లి మండపము పసుపు దీపముల లెక్క, బాసర అక్షరాభ్యాసపు చిత్రముల లెక్క, దీపావళికి ఆదిలాబాదు గోండు గూడెములలో గుస్సాడీ ఆటకు వాడిన లెక్క తిరిగి సంపాదించెను. ఈ గుస్సాడీ లెక్క లేకున్నచో, పెండ్లి ముఖములకు వాడు అమరికతోనే నెమలిపించెముల కిరీటమును, బూడిద పూసిన దేహమును దిద్దినచో, ఆ ఆటగాండ్రను చూచినవాడెవ్వడును ఆ చిత్రమును ఒప్పుకొనడు.

ఈ పద్ధతిలో బ్రష్షులు రావు, యాక్షన్లు రావు. అవి చిత్రములో నిలువవు గనుక. ఒక్క మినహాయింపు: ఫోటోషాప్ అమరికలలో హిస్టరీ లాగు అను ఎంపిక యున్నది. దానిని ముందే తెఱచియుంచినవానికి, ఏ చిత్రముమీద ఏ యే పనులు వరుసగా చేసినాడో ఒక పాఠపు ఫైలులోనో, చిత్రము వెంటనో వ్రాతగా నిలిచియుండును. దానిని చదివి యాక్షనును మరల కూర్చవచ్చును. మన యజమాని దానిని తెఱచియుండలేదు. ఎంతమంది తెఱచియుందురు?

యాక్షన్లు ఎట్లు వచ్చినవో వినుడు. ఆ స్టూడియోలో ఆఱేండ్లు పనిచేసిన ఒక డిజైనరు కుఱ్ఱవాడు, మన జిల్లాల కుఱ్ఱవాండ్రు అనేకుల వలెనే, గల్ఫునకు పోయెను. పోవుటకు ముందు యాక్షన్లను పెన్ డ్రైవులో కాపీ చేసికొని పోయెనని యజమానికి తరువాత తెలిసి, "నా దుకాణపు సొత్తు దొంగిలించినాడు" అని చాలకాలము కోపముతో నుండెను. ఇప్పుడా కోపమును దిగమ్రింగి, దుబాయిలో నున్న వానికి ఫోను చేసెను. ఆ కుఱ్ఱవాడు మఱునాటి ఉదయమునకు ఫైలును పంపెను. అందులోని యాక్షన్లు నలుబదికి పైగా నున్నవి. సగము వాడు చేసినవి, సగము యజమాని చేసినవి. మూడేండ్ల క్రిందటివి గనుక తరువాత చేసినవి లేవు.

ఇందు ఒక చిన్న ప్రమాదము గూడ జరిగినది. ఆ యాక్షన్లలో నొకటి ప్రతి పుట అడుగున స్టూడియో చిరునామాను అచ్చువేయును. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలుగా విడిపోయినది గదా. ఆ కుఱ్ఱవాడు దాచుకొన్న సెట్టులో పాత జిల్లా పేరుగల యాక్షను గూడ నుండెను. ఎవరును చూచుకొనలేదు. మొదటి ఆల్బము అచ్చై వచ్చువఱకు స్టూడియో పాత జిల్లాలోనే యున్నది! పాత కాపీని తిరిగి తెచ్చునపుడు పాత తప్పులును వెంట వచ్చును. ఒక పనికిరాని చిత్రముమీద అన్నిటిని ఒకసారి నడిపించి చూచుకొన్న తరువాతనే గిరాకీ పనిమీద పెట్టవలెను.

ఇక పోకుండ కాపాడుకొనుట. ఇది తిరిగి రాబట్టుటకన్న చాల సులభము. అందుచేతనే మనవారు దానిని అశ్రద్ధ చేయుదురు.

యాక్షన్ల పట్టికలో సెట్టు పేరుమీద నొక్కి, మూలనున్న మెనూలో సేవ్ యాక్షన్స్ అను ఆజ్ఞను ఎంచినచో, ఏ.టి.యన్. అను తోక గల ఫైలు తయారగును. సెట్టులోని ఒక్క యాక్షను మీద నొక్కినచో ఆ ఆజ్ఞ మసకబారి యుండును. చాలమంది ఇక్కడనే విసిగి విడిచిపెట్టుదురు. కంట్రోల్, ఆల్ట్ మీటలను పట్టియుంచి అదే ఆజ్ఞను ఎంచినచో, యాక్షనులోని మెట్లన్నియు పాఠముగా వచ్చును. దానిని యంత్రము తిరిగి తీసికొనదు గాని, కాగితముమీద అచ్చువేసి దాచుకొనవచ్చును. చీకటి గది కాలపు పెద్దలకు ఈ పద్ధతి నచ్చునని మా నమ్మకము. బ్రష్షులు మొదలగు తక్కినవానికి ఎడిట్ మెనూలో ప్రీసెట్లను ఎగుమతి దిగుమతి చేయు ఆజ్ఞ కలదు. రంగుల అమరికలను వేఱుగా, సి.యస్.యఫ్. ఫైలుగా దాచవలెను. కరీంనగరములోనో హైదరాబాదులోనో ఉన్న కలరు ల్యాబువారు ఇచ్చిన ఐ.సి.సి. ఫైలును గూడ మఱువరాదు. అది విండోసు ఫోల్డరులోనే యుండి, ఫార్మాటుతో పోవును. అది లేనిచో తెఱమీద చక్కగా కనబడిన ముఖము అచ్చులో ఎఱ్ఱబాఱును.

మఱియొక సంగతి. ఫోటోషాప్ తన అమరికలను సాధారణముగా మూసివేయునపుడు వ్రాసికొనును. ఉదయమున ఒక మంచి యాక్షను చేసి, సాయంకాలమున కరెంటు పోయి యంత్రము ఆగిపోయినచో, ఆ యాక్షను మఱునాడు కనబడకపోవచ్చును. క్రొత్త యాక్షను చేసిన వెంటనే ఒకసారి మూసి తెఱచుట మంచిది. లేదా వెంటనే ఫైలుగా దాచుట ఇంకను మంచిది. ఫోటోషాప్ మొండికెత్తినప్పుడు, ప్రారంభమున కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడు మీటలను పట్టుకొమ్మని ఎవరైన సలహా యిచ్చుట కద్దు. అది అమరికలను చెరిపి మొదటి స్థితికి తెచ్చు ఉపాయము. చికిత్స మంచిదే, ముందుగా సెట్టింగ్సు ఫోల్డరును వేఱుచోటికి కాపీ చేసికొనక చేయరాదు. పాత కూర్పును తొలగించునపుడు అమరికలను ఉంచవలెనా తీయవలెనా యని యంత్రమే అడుగును. చదువకయే మొదటి బొత్తాము నొక్కు అలవాటు మన చేతులకున్నది.

లైట్‌రూమ్ వాడువారికి ఒక హెచ్చరిక. మూయునపుడు కేటలాగు కాపీ తీసికొందునా యని అది అడుగును; తీసికొన్నాము గనుక అన్నియు భద్రమని అనుకొనుట సహజము. ఆ కాపీలో ప్రీసెట్లుండవు, చిత్రములును ఉండవు. ప్రీసెట్లు కెమెరా రా ఫోల్డరులో వేఱుగా నుండును. ధరపెట్టి కొనలేక జింప్ అను ఉచిత ప్రోగ్రామును వాడువారికి పని కొంత తేలిక. దాని అమరికలన్నియు ఒక్క ఫోల్డరులో నుండును. ఆ ఫోల్డరును కాపీచేసినచో చాలును. దాని మూడవ కూర్పు 2025 మార్చిలో వచ్చినది.

కాపీలు ఎన్ని? అమెరికా ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారము చేసిన లెక్క యొకటి ఈ వృత్తిలో ప్రసిద్ధము: మూడు ప్రతులు, రెండు విధముల సాధనములలో, ఒకటి వేఱు చోట. వేఱు చోట అనుమాటను మన ప్రాంతమువారు తేలికగా తీసికొనరాదు. 2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాల, మంథని ప్రాంతములలో ఇండ్లలోనికి నీరు వచ్చినది. ఆ దినములలోనే కడెము ప్రాజెక్టు నిండి, క్రింది గ్రామముల ప్రజలను ఖాళీ చేయించిరి. అట్టివేళ మనిషి పిల్లలను, పత్రములను పట్టుకొని బయటపడును. బల్లక్రింద నున్న కంప్యూటరును, దాని ప్రక్కనే యున్న పెన్ డ్రైవును ఎవడు తలచును? అమరికలు చిన్న ఫైళ్ళని చెప్పితిమి గదా. వానిని స్వంత ఈమెయిలుకు పంపుకొన్నను వేఱు చోట ఉంచినట్లే. పెన్ డ్రైవులు ఊరంతయు తిరిగి వచ్చి వైరసును తెచ్చును గనుక, అమరికలకు వాడుదానిని గిరాకీల చేతి కీయరాదు.

ఎప్పుడు తీయవలెను? పెండ్లిండ్ల కాలములో తీయుమన్నచో ఎవరును తీయరు. మన పంచాంగమే ఇందుకు తీరికను చూపుచున్నది. గురు శుక్ర మౌఢ్యములు వచ్చినప్పుడు, ఆషాఢములో, ముహూర్తములుండవు. స్టూడియోలవారు కుర్చీలలో కూర్చుండి ఈగలు తోలుకొందురు. మూఢము పట్టిన మొదటి దినమున అమరికల ప్రతి తీసి, దానిమీద తేదీ వ్రాయుట యొక నియమముగా పెట్టుకొన్నచో, ఏడాదికి రెండు మూడు ప్రతులు తప్పక నిలుచును. పాతదానిమీద క్రొత్తది వ్రాయక, వేఱుగా ఉంచవలెను. నిన్ననే పాడైన ఫైలును నేడు కాపీ తీసి, మంచిదానిని చెరిపివేసినవారిని మేము చూచినాము.

స్వంత స్టూడియో లేనివారికి గూడ ఈ మాట వర్తించును. ఇంటి పిల్లలు చరవాణిలో చిత్రములు దిద్దుకొను ఈ దినములలో, ఖాతాతో ప్రవేశించి వాడు లైట్‌రూమ్ వంటి ప్రోగ్రాములు ప్రీసెట్లను దూరపు యంత్రములలో గూడ నిలుపును. ఫోను పోయినను క్రొత్త ఫోనులో అవి తిరిగి వచ్చును. ఖాతా లేక వాడినచో ఆ భరోసా లేదు. మఱియు, పెండ్లి ఆల్బము చేయించుకొన్న కుటుంబములు పూర్తియైన ఆల్బముతో తృప్తిపడక, అసలు చిత్రములను ఒక డిస్కులో అడిగి తీసికొనుట మేలు. వాట్సాపులో బొమ్మలుగా వచ్చినవి చిక్కిపోయి వచ్చును. రేపు పెద్దల పటము చేయించవలసినప్పుడు అవి అక్కఱకు రావు.

ఒక ప్రశ్న మిగిలినది. ఆ అమరికలు ఎవరివి? జీతమునకు పనిచేయు డిజైనరు దుకాణపు యంత్రముమీద, దుకాణపు వేళలో కూర్చినవి గనుక తనవని యజమాని అనును. నా కంటితో, నా చేతితో చేసినవని పనివాడు అనును. పాత కాలములో పనివాడు తన పనిముట్ల సంచిని భుజమున వేసికొని పోవునపుడు ఎవరును దొంగ అనలేదు. మా అభిప్రాయములో, పనిలో చేరునాడే మాట అనుకొని, పోవునాడు ఇరువురి యొద్దను ఒక్కొక్క ప్రతి యుండునట్లు చూచుకొనుట న్యాయము. కంప్యూటరు అమరిక వెండి పట్టుకారు వంటిది గాదు. ఒకనికిచ్చినంత మాత్రమున మఱియొకని చేయి ఖాళీ కాదు. గిరాకీల చిత్రములు మాత్రము వేఱు విషయము. వానిని ఎవ్వరును వెంట తీసికొని పోరాదు.

మేము చెప్పిన యజమాని ఇప్పుడు మూఢము మొదటి దినమున రెండు ప్రతులు తీయుచున్నాడు. ఒకటి ఇంటిలో బీరువాలో, ఇంటి పత్రముల సంచిలో ఉండును. రెండవది దుబాయికి పోవుచున్నది.